కొట్టింది కాదు, అదిరింది

మాది తుక్కుగూడ. 2011లో శంషాబాద్ విమానాశ్రయంలో ట్రాలీలు సర్దే పనిలో చేరాను. వారం తిరక్కుండానే, నేను కన్ను కొట్టానని ఒక ప్రయాణికురాలు మా సూపర్‌వైజర్‌కు ఫిర్యాదు చేసింది.

"కొట్టలే సార్, అదిరింది. కొట్టుడంటే మనం కావాలని చేసేది. అదురుడు దానంతటదే అయితది," అన్నాను.

"అయితే ఇప్పుడు అదరమను, చూద్దాం," అన్నాడాయన.

ఆయనా, పక్కనే నిలబడ్డ ఆ ప్రయాణికురాలూ నా ఎడమ కన్నునే చూస్తుంటే అది కదల్లేదు. ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలో తోచక చెమటలు పట్టాయి. ఆయన నా గుర్తింపు కార్డు ఇచ్చేయమన్నాడు. తీసిస్తుంటే రెప్ప టపటపా అదిరింది.

"సార్, మీకూ కన్ను కొడుతున్నాడు," అని ఆమె నవ్వేసి ఫిర్యాదు వెనక్కి తీసుకుంది.

ఇప్పటికీ 'వాడు కన్ను కొట్టాడు' అని ఎవరైనా అంటే, సరిగ్గా చూశారా అని అడుగుతాను.