బీరువా కింది మనిషి

సామాన్లు మార్చే పనిలో అన్నిటికన్నా కష్టమైన చోటు బీరువాకి కింది వైపు. మెట్లు దిగేటప్పుడు ఆ వైపు పట్టుకున్నవాడు వెనక్కి నడవాలి. మెట్టు కనబడదు, పాదమే వెతుక్కోవాలి. మా మేస్త్రి ఆ చోటు ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. పై వైపు ఎప్పుడూ ఆయన బావమరిదే. లారీ నడిపే నేను మెట్ల దగ్గర నిలబడి చూసేవాణ్ణి. మహానుభావుడు వెనక్కి దిగుతూ జోకులు కూడా వేసేవాడు.

ఒకరోజు మెట్లు అయిపోయాయనుకుని అడుగేశాడు. ఇంకొకటి ఉంది. కాలు మడత పడింది. బీరువా గోడకి ఆనింది కాబట్టి సరిపోయింది. మాలో ఒక దిక్కుమాలిన అలవాటు ఉంది. ఎవరికి బెణికినా అక్కడికక్కడే కూర్చోబెట్టి, మందు రుద్ది, టక్కుమనేదాకా లాగుతారు. నొప్పిని చల్లారనివ్వకూడదట! బావమరిది లాగాడు. మేస్త్రి పెట్టిన కేకకి పై అంతస్తువాళ్ళు తలుపులు తీసి చూశారు. ఇంటికెళ్ళాక వేడినీళ్ళ కాపడం ఒకటి. తెల్లారేసరికి చీలమండ బొప్పాయంత వాచింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు.

"చెప్పానా! ఒట్టి బెణుకే" అని ఎగిరాడు మేస్త్రి.

ఫిజియోథెరపీ చేసే ఆవిడకి ఒళ్ళు మండింది. "ఎముక ఒక్కటేనా ఉండేది? ఎముకని ఎముకకి కట్టి ఉంచే లిగమెంటు సగం తెగింది. తెగినదాన్ని పట్టుకుని లాగుతారా ఎవరైనా? ముందు ఐసు పెట్టి, కట్టు కట్టి, కాలు ఎత్తులో పెట్టుకోవాలి. వాపు తగ్గాక నేను చెప్పినట్టు కొంచెం కొంచెంగా కదపాలి."

అలాగే చేశాడు. వాపు తగ్గింది, నొప్పీ పోయింది. మర్నాటి నుంచి పనిలోకి, అదీ కింది వైపుకే వస్తానని అందరికీ చాటేసి, భార్యని వెంటబెట్టుకుని నా లారీలోనే ఫిజియోథెరపీ ఆవిడ దగ్గరికి వెళ్ళాడు.

"దెబ్బ తగిలిన కాలి మీద నిలబడండి."

నిలబడి, మావైపు చూసి మీసం కూడా దువ్వాడు.

"ఇప్పుడు కళ్ళు మూసుకోండి."

మూసుకున్న మరుక్షణం గోడ పట్టుకున్నాడు. మళ్ళీ చేశాడు. మళ్ళీ గోడే.

"నొప్పి పోయినంత మాత్రాన మానినట్టు కాదు. చూడకుండానే పాదం ఎక్కడుందో తెలియాలంటే ఆ లిగమెంటు కూడా బాగుపడాలి. సాధన చేస్తే వస్తుంది. అప్పటిదాకా బరువుతో వెనక్కి దిగొద్దు" అందావిడ.

"ఎలాగోలా చూసుకుంటాలేమ్మా."

భార్య అందుకుంది. "ఏం చూసుకుంటారు? మీరు పడితే మీ మీద బీరువా పడుతుంది. దాని వెనకాలే మా తమ్ముడు పడతాడు. ముందు ఎవరి కోసం ఏడవమంటారు నన్ను?"



మర్నాడు మూడో అంతస్తు నుంచి బీరువా దించాలి. బావమరిది కింది వైపుకి వెళ్ళాడు, మేస్త్రి పై వైపు పట్టాడు. పైనుంచి మెట్లన్నీ కనిపిస్తాయి. కిందివాడి మడమ మెట్టు కోసం గాల్లో తడుముకోవడమూ కనిపిస్తుంది. ఒక్క మలుపు తిరిగారో లేదో, "ఆగరా, దించు" అన్నాడు మేస్త్రి. మెట్టు మీద కూలబడ్డాడు.

"ఏమైంది బావా? కాలు నొప్పా?"

"కాలు కాదురా. ఇన్నేళ్ళూ ఇది చూస్తూనే మోశావా నువ్వు?"

"రోజూ బావా. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మోశాను. చెబితే నవ్వుతావని చెప్పలేదు."

మేస్త్రి అందరి ముందూ ఏడ్చేశాడు. నేను పైకెక్కి బీరువా జారకుండా పట్టుకున్నాను.