తారు డ్రమ్ములో పడవ మోటరు

ఆ రోజుల్లో మా ఆళ్లగడ్డ వైపు పిల్లవాడికి సర్కారు కొలువు దొరికిందంటే, అది ఏం కొలువని ఎవరూ గుచ్చి గుచ్చి అడిగేవాళ్ళు కాదు. కొలువు అన్న మాట చెవిన పడితే చాలు, తండ్రి మీసం పైకి లేచేది, తల్లి నాలుగిళ్ళకూ బెల్లం పంచేది, అంతటితో విచారణ ముగిసేది. అదేం ఖర్మమో, నా ఒక్కడి విషయంలోనే ఊరందరికీ ఎక్కడలేని ఆసక్తి పుట్టుకొచ్చింది. ఎందుకంటే నాకు దొరికింది పడవ మోటరు చూసుకునే పని. అదీ నంద్యాలలో. గోదావరి గట్టున పుట్టినవాళ్ళకు ఇందులో నవ్వడానికేముందో అర్థం కాదు. మా వైపు చాలామంది పడవను చూసింది గోడకు తగిలించిన క్యాలెండరు బొమ్మలోనే. "పడవ నడిపేదానికి పోతాండా" అని నేను చెబితే, మా వీధిలో ఒక పెద్దాయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. (జ్వరం లేదని తేలాక ఆయనకు ఇంకా దిగులు ఎక్కువైంది.)

అసలు సంగతేమిటంటే, అవి కర్నూలు రాజధానిగా వెలుగుతున్న రోజులు. పెద్ద పెద్ద అధికారులందరూ దగ్గరలోనే ఉన్నారు. కాలవ తనిఖీకి గట్టు మీద దుమ్ము తింటూ జీపులో పోయే బదులు, నీళ్ళ మీద హాయిగా పోతే బాగుంటుందని వాళ్ళలో ఎవరికో తోచింది. దాంతో ఒక చిన్న పడవా, దాని వెనక బిగించే మోటరూ నంద్యాల కాలవ ఆఫీసుకు దిగాయి. నేను ఎస్సెల్సీ గట్టెక్కి, బావుల దగ్గర ఆయిలింజన్లు బాగుచేసే ఒక మేస్త్రీ వెంట తిరిగి, చేతులకు మసి అంటించుకుని ఉన్నవాణ్ణి. ఆ మసి చూసే నన్ను తాత్కాలికంగా తీసుకున్నారు. చేరిన వారానికే ఎండాకాలం వచ్చిందని కాలవకు నీళ్ళు కట్టేశారు. పడవను షెడ్డులో బోర్లించారు. కాలవలో మేకలు మేయసాగాయి. ఇక మిగిలింది నేనూ, మోటరూ.

మా ఓవర్సీరు క్యాంపుకు పోతూ పోతూ నన్ను పిలిచి, "దీన్ని వాడకుండా మూల పెడితే లోపల పట్టేస్తుంది. వారానికొకసారన్నా నడపాలి. కానీ నీళ్ళలో పెట్టి నడపాలి, ఒట్టిగా నడిపితే మాడిపోతుంది" అని చెప్పి ఒకసారి చేసి చూపించాడు. ఆ మోటరుకు తల పైన, ఒంటి కాలు కింద, ఆ కాలి చివర మూడు రెక్కల పంకా. కాలి దగ్గరున్న చిన్న చిన్న బెజ్జాల గుండా నీళ్ళు పీల్చుకుని తనను తాను చల్లబరుచుకుంటుంది. కాలవలో నీళ్ళు లేవు గనుక, రోడ్డు పనికి తెచ్చిన ఒక ఖాళీ తారు డ్రమ్ము మూత కోసి, అంచుకు పలక బిగించి, దానికి మోటరును తగిలించేవాణ్ణి. బావి నుంచి బిందెలతో నీళ్ళు మోసి డ్రమ్ము నింపేవాణ్ణి. పెట్రోలులో నూనె కలిపి పోసి, ప్లగ్గు విప్పి మసి గీకి, తల మీది చక్రానికి తాడు చుట్టి రెండు మూడు గుంజులు గుంజితే, అది వీధి వీధంతా లేచి కూర్చునేలా మోగేది. తాడు లాగి మోటరు అంటుకుంటే పంకా కూడా తిరగాల్సిందే, వేరే దారి లేదు. అందుకని డ్రమ్ములో నడిపే ముందు పంకా విప్పి పక్కన పెట్టాలని నియమం. ఎక్కడికీ పోని ఆ ప్రయాణం కాసేపు సాగించి, ఆపి, తుడిచి, కీళ్ళన్నిటికీ గ్రీజు పెట్టి, గోనెపట్టా కప్పి వచ్చేవాణ్ణి. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, "ఏమప్పా, కడప చేరినావా?" అని పలకరించి పోయేవాళ్ళు. (ఆ కాలవ పోయేది కడపకే.)

నాకు వండి పెట్టడానికి మా అవ్వ ఆళ్లగడ్డ నుంచి వచ్చి ఆఫీసు వెనక అద్దె గదిలో ఉండేది. అవ్వకు లోకంలో రెండే రకాల వస్తువులు. అన్నం పెట్టేవి, పెట్టనివి. అన్నం పెట్టేదేదైనా దేవుడే కనుక, మోటరు నడిపే రోజు శుక్రవారమే కావాలని తేల్చేసింది. ప్రతి శుక్రవారం పొద్దున్నే దాని తలకూ కాలికీ పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, పూలు చుట్టి, కర్పూరం వెలిగించబోయేది. (పెట్రోలు పక్కన కర్పూరం వద్దని ఆవిడ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "దేవుని కాడ హారతికి గూడా భయపడితే ఇంగ ఏం బతుకుతావురా" అని అవ్వ.) ఆవిడ అటు తిరగగానే నేను చీపురుపుల్లతో బెజ్జాలలోని పసుపు కెలికి తీసేవాణ్ణి. భక్తికీ మోటరుకూ నడుమ నేను చేసిన కాపురం అది.

ఇంతలో నా పెళ్ళి మాట వచ్చింది. మొదట వచ్చిన సంబంధాలవాళ్ళు ఉద్యోగం వివరం వినగానే, మర్యాదగా మజ్జిగ తాగి, మళ్ళీ కనపడలేదు. మా చిన్నమామకు ఇది అవమానంగా తోచింది. ఆయన నోరు మంచిదే గానీ దానికి కళ్ళెం లేదు. కోయిలకుంట్ల పక్క పల్లెలో, నల్లరేగడిలో శనగ పండించే ఒక పెద్దరైతు దగ్గరికి పోయి, "మావాడు నంద్యాలలో స్టీమరు ఇంజనీరు" అని చెప్పి వచ్చాడు. అలా పిల్లను చూడటానికి వెళ్ళాము. ఆ అమ్మాయి తల వంచుకుని వచ్చి, తల వంచుకునే వెళ్ళిపోయింది. నాకు కనిపించింది పాపటి ఒక్కటే. కానీ మేము చెప్పులు వేసుకుంటుంటే తలుపు వెనక నుంచి తమ్ముణ్ణి గుసగుసగా అడుగుతోంది: "పడవ నిజంగానే ఉండాదా, లేకుంటే ఉత్తుత్తిదా?" మిగతా ఊరంతా నన్ను చూసి నవ్వింది. ఆ గొంతులో మాత్రం నవ్వు లేదు, ఉంటే బాగుండునన్న ఆశ ఉంది. నేను దారి పొడుగునా ఆ గొంతే వింటూ వచ్చాను. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలని ఆ రాత్రి నిద్ర పట్టక ముందే తీర్మానించుకున్నాను.

అయితే తీర్మానించాల్సింది నేను కాదు గదా. వాళ్ళ చేతిలో తాలూకా ఆఫీసు గుమాస్తా సంబంధం కూడా ఉంది. పిల్ల నాయన కబురు పంపాడు: "వచ్చే శుక్కురారం నంద్యాలకొస్తాండా. ముందు ఆ గుమాస్తా పిల్లోన్ని చూసి, మల్ల ఈ పిల్లోని కాడికొస్తా. ఆ మోటరు తిరుగుతాంటే నా కండ్లతో చూడాల. చూసినాకే మాట."

ఆ శుక్రవారం పొద్దున నేను ఇంకా నీళ్ళు మోస్తుండగానే అవ్వ సిద్ధమైపోయింది. మామూలు రోజుల పసుపు చాలదని పొట్లం పొట్లమే డ్రమ్ములో గుమ్మరించింది. పెండ్లివాళ్ళ దిష్టి తగలకుండా ఇంత సున్నం కూడా కలిపింది. నీళ్ళు ఎర్రగా, దిష్టినీళ్ళలాగా మారిపోయాయి. అందులో బంతిపూలు వేసింది. డ్రమ్ముకు ఇంకా తగిలించని మోటరు పంకాకు గంధం పూసి, రెక్కరెక్కకూ బొట్టు పెట్టింది. నేను స్పానరు తీసుకుని పంకా విప్పబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఏం జేస్తాండావురా?"

"నియమం అవ్వా. డ్రమ్ములో నడిపేటప్పుడు ఇది ఉండకూడదు."

"శుభమా అని ఆడపిల్లవాళ్ళు వస్తాంటే ఉన్నదాన్ని పీకి, మొండిదాన్ని జేసి చూపిస్తావా? పెండ్లిచూపుల్లో ఎవురన్నా ముక్కుపుడక తీసి కూర్చోబెడతారా?"

చిన్నమామ కూడా ఆవిడ పక్షమే. "ఆయప్పకు పంకా సంగతి నేను మస్తుగా చెప్పినా. యాడుందని అడిగితే ఏం జెప్పేది? ఉండనీలేరా" అన్నాడు. మెల్లగా నడిపితే ఏమీ కాదులే అని నేనూ సరిపెట్టుకున్నాను. ప్రేమలో పడ్డవాడికి నియమాలు వంకర టింకరగా కనిపిస్తాయి.

పిల్లను ఇవ్వాల్సిన పెద్దాయన వచ్చాడు. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా, చాకలి ఇస్త్రీ మడతలు చెడని తెల్లటి తలగుడ్డ. కూర్చోమంటే కూర్చోలేదు. నేరుగా కాలవ గట్టెక్కి, మేకలను చూసి, దిగివచ్చాడు.

"ఏమప్పా, కాలవలో నీళ్ళు లేవే?"

"ఎండాకాలం గదా మామా, కట్టేసినారు."

"పడవ యాడ?"

"షెడ్డులో బోర్లించినాం."

"అంటే కాలవకు నీళ్ళు లేవు, మోటరుకు పడవ లేదు. ఇంగ నువ్వేం జేస్తాండావీడ?"

చిన్నమామ అందుకోబోయాడు గానీ పెద్దాయన చెయ్యెత్తి ఆపేశాడు. "నడిపి చూపిస్తా మామా" అన్నాను. ఆయన మోచేతులు డ్రమ్ము అంచు మీద ఆనించి, లోపల ఆ పంకా ఎట్లా తిరుగుతుందో చూద్దామని ముఖం దగ్గరికి పెట్టాడు. జరగమని చెప్పాలి. కానీ కాబోయే మామను 'పక్కకు జరుగు' అనడానికి నాకు నోరు రాలేదు. మెల్లగా నడుపుదామనుకున్నవాణ్ణి, కంగారులో వేగం మీట ఎంతవరకు తిప్పానో చూసుకోకుండా తాడు గుంజాను. ఎన్నడూ రెండు మూడు గుంజులకు గానీ లేవని మోటరు, ఆ రోజు అవ్వ పూజ ఫలించి ఒక్క గుంజుకే లేచింది.

తర్వాత జరిగింది చెప్పడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు. డ్రమ్ములోని నీళ్ళన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. ఆ ఎర్రనీళ్ళు పెద్దాయన ముఖం మీద, తలగుడ్డ మీద, చొక్కా మీద, వెనకున్న చిన్నమామ మీద, గోడ మీద, ఎవరినీ వదలకుండా పడ్డాయి. బంతిపూల రేకులు ఆయన మీసానికి అంటుకున్నాయి. చిన్నమామ, "రేయ్, మామను తుడువురా! తువ్వాల, తువ్వాల!" అని అరుస్తున్నాడు. నాకు ఆ అరుపులు వినిపించలేదు. డ్రమ్ము అడుగున నీళ్ళు లేవు, మోటరు ఒట్టిగా మోగుతోంది, ఇంకాసేపైతే మాడిపోతుంది. ఉరికిపోయి ఆపేశాను. మోటరు కాలి మీద చెయ్యి వేసి చూశాను, వెచ్చగా ఉంది గానీ కాలలేదు. బెజ్జాలు తడిమాను. ప్లగ్గు తీసి చూశాను, బాగానే ఉంది. అమ్మయ్య అనుకుని తల ఎత్తేసరికి, ఎదురుగా నా పెళ్ళి ఎర్రగా తడిసి నిలబడి ఉంది.

మా అవ్వ ఒక్కతే, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, ఏమీ జరగనట్టు అంది: "ఇంగ చెప్పేదేముంది? వియ్యంకుని మీద వసంతం పడిపాయె. పెండ్లిలో చల్లేది రోంత ముందే చల్లినట్లాయె."

నాకు ఏడుపొక్కటే తక్కువ. గుమాస్తాకు మంగళవాద్యాలు మోగుతున్నట్టే అనిపించింది. పెద్దాయన నిదానంగా తలగుడ్డ విప్పి పిండుకున్నాడు, మీసానికున్న పూరేకు తీసి పారేశాడు.

"నీళ్ళు మల్ల ఎప్పుడొస్తాయి కాలవకు?"

"తెలీదు మామా. వానలు పడినాక."

"అంతవరకు?"

"వారం వారం నడిపి, తుడిచి, గ్రీజు పెట్టి ఉంచుతా. వచ్చిన దినం అది సిద్ధంగా ఉండాల గదా."

"ఈడ చూసేవాళ్ళెవురూ లేరే. ఎవురు అడుగుతారు నిన్ను?"

"ఎవురూ అడగరు."

ఆయన నా వైపు కాక చిన్నమామ వైపు తిరిగాడు. "ఏమప్పా, స్టీమరు ఇంజనీరని చెప్పినావే" అన్నాడు. చిన్నమామ తన చొక్కా మీది ఎర్ర మరకలు దులుపుకోవడంలో పడిపోయాడు. "నువ్వు చెప్పిందంతా అబద్ధమే. అయితే ఒకటి విను. ఆ గుమాస్తా పిల్లోడు నేను పోతానే కుర్చీ వేసినాడు, సోడా తెప్పించినాడు, నా మొగం జూసి మాట్లాడినాడు. ఈడు నన్ను నిలువునా తడిపి, నా మొగం గూడా జూడకుండా మోటరు కాడికి ఉరికినాడు." చిన్నమామ కళ్ళు మూసుకున్నాడు. "వాన పడి పచ్చిక లేసినాక ఎద్దును ఎవడన్నా మేపుతాడప్పా. మండే ఎండల్లో, పని లేని దినాల్లో, మేపి కడిగి కట్టేసేవాడే సేద్యగాడు. నా బిడ్డను వీనికే ఇస్తాండా."

అని, అవ్వ ఇచ్చిన పొడి తువ్వాల తలకు చుట్టుకుని, ఎర్రటి చొక్కాతోనే కోయిలకుంట్ల బస్సెక్కాడు. (దారిలో అడిగినవాళ్ళందరికీ "అల్లుడు వసంతం చల్లినాడు" అని చెప్పుకుంటూ పోయాడని తర్వాత తెలిసింది.) వానలకు ముందే పెళ్ళి అయింది. వానలు పడ్డాయి, కాలవకు నీళ్ళూ వచ్చాయి, మోటరు మొదటి గుంజుకే కాకపోయినా, లేచింది.

ఇప్పుడు నాకు సొంత మోకాళ్ళకు నూనె రాసుకోవడానికే బద్ధకం. మా ఆవిడ గుర్తుచేస్తే గానీ కళ్ళద్దాలు తుడవను. నీళ్ళొస్తాయో రావో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని అప్పటి ఆ పీలగాడు మాత్రం, ఎండిన కాలవ గట్టున కూర్చుని, రేపే నీళ్ళొస్తాయన్నట్టుగా వారం వారం ఆ మోటరును తుడిచి సిద్ధం చేసేవాడు. వాడికంత నమ్మకం ఎవరిచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ నమ్మకాన్ని చూసి ఒక రైతు తన బిడ్డనే ఇచ్చేశాడు. నాకైతే వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు వెనకే కొంచెం అసూయ కూడా కలుగుతుంది.