మెదక్‌లో ఒకే ఒక్క రుఫైదా

ఒళ్లో చేట పెట్టుకుని బాలనర్సమ్మ బీడీలు చుడుతుంటే వాడకట్టు ఆడవాళ్లు ఆమె వేళ్ల వంక చూస్తూ ఉండిపోయేవారు. ముప్పై ఏళ్ల నుంచి అదే పని. తునికాకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పెట్టడం, చుట్టి దారం కట్టడం. కళ్లు మూసుకున్నా ఆ చేతులు ఆగేవి కావు. అలాంటి మనిషి రెండు నెలలుగా ఆకు చింపుతోంది, దారం కట్టడం మరిచిపోతోంది. కార్ఖానావాళ్లు కట్టలు తిరగ్గొట్టారు కూడా. ఏమైందని అడిగితే చూపు ఆనడం లేదని అబద్ధం చెప్పింది. అసలు సంగతి చెబితే నవ్వుతారని కాదు, ఎవరూ నవ్వరేమోనని ఆమె భయం.

ఆమెకున్నది ఒక్కగానొక్క కూతురు, రుఫైదా. ఆ కూతురికి ఇప్పుడు ఏడో నెల. అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. రెండూ సరిగ్గా ఏడో నెలలోనే పోయాయి. డాక్టర్లు ఏవేవో పరీక్షలు చేయించి లోపమేమీ లేదన్నారు. లోపం లేదన్న మాట వినగానే బాలనర్సమ్మ గుండె జారిపోయింది. లోపం ఎక్కడుందో ఆమెకు తెలుసు మరి.

గాలయ్య, బాలనర్సమ్మల కడుపున పుట్టిన పిల్లకు అరబ్బీ పేరెట్లా వచ్చిందంటే, ఇరవై ఆరేళ్లు వెనక్కి పోవాలి. అప్పట్లో వాళ్లది కుల్చారం దగ్గర ఒక పల్లె. ముగ్గురు పిల్లలు ఇంట్లోనే పుట్టి, పురుడు వెళ్లకముందే వరుసగా పోయారు. నాలుగోసారి అత్త పట్టుబట్టి మెదక్ దవాఖానకు తీసుకొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఏడ్చీ ఏడవకముందే అత్త ఇంటి నుంచి తెచ్చిన చేట బయటికి తీసింది.

పిల్లలు దక్కని ఇళ్లలో చేసే పని అది. పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి పరాయివాళ్లకు ఇచ్చేస్తారు. వాళ్లు ఎత్తుకుని 'ఈ పిల్ల నాది' అని తమకు తోచిన పేరు పెడతారు. పొద్దు గూకేలోగా కన్నవాళ్లు చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంటారు. పిల్లలను ఎత్తుకుపోయే పీడకు ఈ పిల్ల ఎవరిదో తెలియకుండా కళ్లు కప్పడమన్నమాట. మన ఊళ్లలో తవుడయ్యలూ తవుడమ్మలూ ఊరికే పుట్టలేదు. ఈ బేరానికి కాగితం ఉండదు. నోటితో అన్నదే ఖాయం.

ఆ రోజు చేటలోంచి పిల్లను ఎత్తుకున్నది నర్సు సర్వరీ బేగం. సన్నగా, పొడుగ్గా, ఎక్కువ మాట్లాడని మనిషి. పిల్లను రొమ్ముకు హత్తుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత, "ఈ పిల్ల నాది. దీని పేరు రుఫైదా" అన్నది. తవుడు కోసం పోయిన గాలయ్య మాత్రం మిల్లులో కరెంటు పోయి, పొద్దు గూకాక వచ్చాడు. అప్పటికి సర్వరీ డ్యూటీ దిగి వెళ్లిపోయింది. మరునాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. తల్లీబిడ్డలను ఇంటికి పంపించేశారు. తెచ్చిన తవుడు బర్రె తిన్నది.

వెతికి కొనుక్కోవచ్చు కదా అంటారా? కొనుక్కోవచ్చు. కానీ పిల్ల పాలు తాగింది, బోర్లపడింది, పాకింది, నడిచింది. ఈ కడుపున పుట్టి నడిచిన మొదటి బిడ్డ అదే. అప్పుడు బాలనర్సమ్మకు ఒక ఆలోచన వచ్చింది. కొనుక్కుంటే పిల్ల తమదవుతుంది. తమదైతే పోతుంది. పరాయిదిగానే ఉండనీ. ముగ్గురిని మట్టిలో పెట్టిన తల్లిని తప్పుపట్టడానికి నోరు రాదు గాని, తప్పు మాత్రం తప్పే. మొగుడికి మిల్లులో హమాలీ పని దొరికి మెదక్ వచ్చాక, సర్వరీ బేగం అదే ఊళ్లో, ఆజంపురలో ఉంటుందని ఆమెకు తెలిసింది. బజారులో రెండుసార్లు ఎదురుపడింది కూడా. రెండుసార్లూ బాలనర్సమ్మ దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని పక్క సందులోకి తిరిగింది.

పిల్ల మాత్రం ఆ పేరుతో దర్జాగా పెరిగింది. బడిలో పంతుళ్లు హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర ఆగి, నొసటి బొట్టు చూసి, మళ్లీ రిజిస్టరు చూసుకునేవారు. పెళ్లప్పుడు ఎల్దుర్తి వియ్యాలవారు కార్డులో వేరే పేరు వేయిద్దామన్నారు. బాలనర్సమ్మ ససేమిరా అన్నది. పెళ్లయినా ఆగిపోనీ, పేరు మారడానికి వీల్లేదన్నది. అల్లుడు ఉదయ్ కుమార్ మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు.

రుఫైదా నర్సింగ్ చదివి మెదక్‌లోనే ఒక ప్రైవేటు దవాఖానలో చేరింది. ఒకరోజు ఫోన్లో తన పేరు వెతికి, తల్లి పక్కన కూలబడి చదివి వినిపించింది. అరబ్బీ పేరట. చిన్న ఆసరా అని అర్థమట. పూర్వం మదీనాలో ఆ పేరుగల ఆమె మసీదు పక్కన డేరా వేసి, యుద్ధంలో గాయపడ్డవాళ్లకు సేవ చేసిందట. తను నర్సు కావడం ఊరికే జరగలేదని పిల్ల మురిసిపోయింది. ఎంతమందికి ఉందో చెప్పే చోట మాత్రం అంకె లేదు, బహు అరుదు అని రాసి ఉంది.

"మెదక్ మొత్తంల గీ పేరు నాకొక్కదానికే ఉన్నదే అమ్మా," అన్నది గర్వంగా. తల్లి కూడా నవ్వింది. అప్పటికింకా మొదటి కడుపు పోలేదు.

ఇప్పుడు ఏడో నెల వచ్చిన మరునాడే బాలనర్సమ్మ మొగుడికి అంతా చెప్పేసింది. కొనని బిడ్డ కడుపు పండదు, కాన్పుకు ముందే కొనుక్కోవాలి అన్నది. గాలయ్య లేచి వెళ్లి మిల్లు నుంచి తవుడు తెచ్చిపెట్టాడు. ఆయన నవ్వకపోవడంతో ఆమె భయం ఇంకా పెరిగింది.

కూతురితో మాత్రం, నువ్వు పుట్టినప్పుడు పురుడు పోసిన నర్సమ్మ మంచాన పడ్డదట, ఒకసారి చూసొద్దామని చెప్పింది. రుఫైదా సంబరంగా బయలుదేరింది. బీపీ మిషను కూడా సంచిలో వేసుకుంది. తల్లి చంకలో తవుడు చేట చూసి, ముసలామెకు బర్రెలు గిట్ల ఉన్నయా అని ఆటపట్టించింది. తల్లి చేటను కొంగుతో కప్పుకుంది.

ఆజంపుర సందు చివర పాత పెంకుటిల్లు. సర్వరీ బేగం కోడలు తలుపు తీసింది. ముసలామెకు రెండేళ్లుగా మతి లేదనీ, కన్న కొడుకునే గుర్తుపట్టదనీ చెప్పింది. లోపలికి పోతూ పేరేమిటని అడిగింది. రుఫైదా తన పేరు చెప్పి, ముసలామె మంచం దగ్గరికి నడిచింది.

కోడలు నడుస్తున్నదల్లా ఆగిపోయింది. "గది మా ఆడబిడ్డ పేరు," అన్నది. "ఏడేండ్లకే జ్వరమొచ్చి పోయింది. ఎంబడే నెల తిరగక ముందు ఎవరిదో పిల్లకు గదే పేరు పెట్టొచ్చిందంట మా అత్త. తవుడు దీస్కొని ఇచ్చెయ్యాల్నంటే పాణం ఒప్పదని మల్ల డ్యూటీకే పోలేదంట. వేరే ఊరికి బదిలీ చేయించుకొని, శాన రోజులకు మల్ల ఇక్కడికొచ్చిందంట."

ఇన్నేళ్లూ తన బిడ్డను కాపాడుతుందనుకున్న పేరు, చచ్చిపోయిన పిల్ల ఒంటి మీది నుంచి తీసి తొడిగిన అంగీ వంటిదని బాలనర్సమ్మకు అప్పుడు తెలిసింది. వెనక్కి తిరిగి పోదామనుకుంది. కానీ రుఫైదా అప్పటికే మంచం పట్టె మీద కూర్చుని ముసలామె చేతికి బీపీ పట్టీ చుడుతోంది.

బాలనర్సమ్మ గబగబా వెళ్లి చేట ముసలామె ముందు పెట్టింది. కూతురికి వినపడకుండా గొంతు తగ్గించి అన్నది. "అమ్మా, గప్పుడు నేను తవుడు పొయ్యలే. తప్పయింది. ఇగో తెచ్చిన. నా బిడ్డను నాకిచ్చెయ్యి."

సర్వరీ బేగం చేటను చూసింది. మతి లేని మనిషి చూసినట్టు లేదు ఆ చూపు. ఎముకల చేత్తో చేటను ఒక్క తోపు తోసింది. తవుడంతా నేల పాలైంది.

"ఇయ్య," అన్నది. తర్వాత రుఫైదా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. "వచ్చినవా బేటీ. మస్తు రోజులుంటివి వాళ్లింట్ల. ఇగ చాలు."

బాలనర్సమ్మ కూతురి భుజం పట్టి లాగింది, లే బిడ్డా పోదామని. రుఫైదా కళ్లతోనే వారించింది. మతి తప్పిన ముసలివాళ్లను రోజూ చూసే పిల్ల. వాళ్ల మాటకు ఎదురు చెబితే బీపీ పెరుగుతుంది, అవునంటే నిమ్మళిస్తారు. దవాఖానలో ఆమె ఎంతమందికి కూతురైందో, ఎంతమందికి కోడలైందో లెక్క లేదు. అందుకే ఆమెంటే అక్కడి రోగులకు ప్రాణం.

"వచ్చిన అమ్మీ," అన్నది మెత్తగా.

ముసలామె చేయి కిందికి జారి రుఫైదా కడుపు మీద ఆగింది. ఒక్కో వేలూ మెల్లగా పరుచుకుంది. "చెట్టు నాదైతే కాయ ఎవరిదే?" అని అడిగింది.

వద్దని అరవబోయింది బాలనర్సమ్మ. ఇరవై ఆరేళ్లుగా ఈ పిల్లకు ఆ బేరం సంగతి చెప్పలేదు. ఈ ఇంటి గడప దాటేటప్పుడైనా చెప్పలేదు. ఏ మాట అనకూడదో తెలియని పిల్ల ఏ మాటైనా అంటుంది.

"నీదే అమ్మీ," అన్నది రుఫైదా నవ్వుతూ. "నేను నీదాన్నే, ఇది కూడా నీదే."

ముసలామె తృప్తిగా కళ్లు మూసుకుంది. బీపీ చూసుకున్న రుఫైదా ముఖం వెలిగింది, నిమ్మళించింది చూడు అన్నట్టు. అంతలోనే ఉలిక్కిపడి తన కడుపు వైపు చూసుకుంది. ముసలి చేయి ఉన్నచోటే, దాని కిందనే, బిడ్డ గట్టిగా తన్నుతోంది. పొద్దుటి నుంచి కదలలేదని ఆమెకూ లోపల దిగులుగానే ఉంది.

"అమ్మా, ఆడుతున్నది," అన్నది సంతోషంగా. "రా, నువ్వు గూడ చెయ్యి పెట్టి చూడు."

బాలనర్సమ్మ ఉన్నచోటనే నిలబడింది. చేయి చాపలేదు. తనది కానిదాన్ని తాకడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.