మిర్యాలగూడ బడికి వచ్చిన పొట్టి నీటిగుర్రం

దెయ్యాలు, గాలి సోకుడు, దిష్టి, ఇవేవీ నేను నమ్మను. గుమ్మానికి గుమ్మడికాయ కట్టనియ్యలేదని మా అత్తమ్మ ఇప్పటికీ నా మీద గుర్రుగానే ఉంటది. సూర్యాపేటలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్త. ఎవరన్నా దెయ్యాన్ని చూసినమంటే, దానికి వెన్నెముక ఉందా లేదా అని అడిగే రకం నేను. అందుకే ఇది రాయాల్నా వద్దా అని చాలా రోజులు వెనకాడిన. కానీ ఆ మధ్యాహ్నం గుర్తొస్తే ఇప్పటికీ గుండె దడదడ కొట్టుకుంటది. భయంతో కాదు, సంబరంతో.

ఎక్కడో విదేశంలో జూలో పుట్టిన, పిగ్మీ హిప్పో అనే పొట్టి నీటిగుర్రం పిల్ల వీడియోలు ఆ మధ్య అందరి ఫోన్లలో తిరిగినయి. నల్లగా, నున్నగా, బుడ్డ కాళ్లేసుకొని ఎవరిని పడితే వాళ్లను కొరకబోయే పిల్ల. మా కాలేజీ అమ్మాయిలకు అదంటే పిచ్చి. ఒకరోజు క్లాసులో అడిగిన, ఇది ఎక్కడ బతుకుతదని. "జూల మేడం!" అని అందరూ ఒకేసారి అరిచిండ్రు.

ఆ జవాబు నాకు ముల్లులా గుచ్చుకుంది. అది పుట్టింది జూ కోసం కాదు. పశ్చిమ ఆఫ్రికాలో, లైబీరియా, దాని చుట్టుపక్కల దేశాల చిత్తడి అడవులు దాని ఇల్లు. మామూలు నీటిగుర్రం లెక్క మందలు మందలుగా ఉండదు. ఒంటరిగా, ఎవరి కంటా పడకుండా, ఆకులు, రాలిన పండ్లు తింటూ తిరుగుతది. మనిషి నడుము ఎత్తు కూడా ఉండదు. గనుల కోసం, తోటల కోసం ఆ అడవులు నరుకుతున్నరు. మాంసం కోసం వేటాడుతున్నరు. మొత్తం రెండు మూడు వేలకు మించి మిగల్లేదని అంచనా.

బడులు తిరిగి ఈ సంగతి పిల్లలకు చెప్పాలనుకున్న. మా స్టాఫ్ రూంలో ఒక సారు నవ్విండు. "మనూరి కోతులనే ఆపలేకపోతున్నం. ఆఫ్రికా జంతువు మనకెందుకు మేడం?" అన్నడు. అడిగినదాంట్లో తప్పు లేదు. అయినా ఆగబుద్ధి కాలేదు.

ఒక టైలర్‌ను పట్టుకొని నల్ల రెగ్జిన్‌తో, లోపల స్పాంజి పెట్టి నీటిగుర్రం వేషం కుట్టించిన. ముందు కాళ్లకు ఒక మనిషి, వెనక కాళ్లకు ఒక మనిషి. పెళ్లిళ్లలో, బర్త్‌డే ఫంక్షన్లలో ఎలుగుబంటి వేషాలేసే సైదులు, యాదగిరి ఒప్పుకున్నరు. నోరు తెరుచుకునేటట్టు చెయ్యమంటే టైలర్‌తో కాలేదు. పై దవడ, కింది దవడ కలిపి దారంతో గట్టిగా కుట్టేసిండు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

సూర్యాపేటలో మొదటి బడి పర్వాలేదనిపించింది. కోదాడలో మాత్రం నవ్వులపాలైనం. ముందున్న సైదులు ఎడమకు తిరిగితే వెనకున్న యాదగిరి కుడికి తిరిగిండు. నీటిగుర్రం నడుం దగ్గర మెలిపడిపోయింది. ఒక పిలగాడు లేచి, "అది గేదె దూడ కాదాండీ మేడమ్ గారూ?" అని అడిగిండు. బడంతా ఘొల్లున నవ్వింది. నేను చెప్పిన అడవి ముచ్చట ఒక్కటి కూడా వాళ్ల చెవికెక్కలేదు. మిర్యాలగూడలో కూడా గిట్లనే అయితే ఇగ బంద్ పెడదామనుకున్న.

మిర్యాలగూడలో మేం పోయింది వేములపల్లి రోడ్డు వైపున్న ఒక బడి. హెడ్‌మిస్ట్రెస్ రూతమ్మ మేడం పిల్లలందరినీ గ్రౌండ్‌లో షామియానా కింద కూర్చోబెట్టింది. వేషాన్ని నేనే కారులో తీసుకుపోయిన. వరండా చివర ఉన్న క్లాస్‌రూంలో రెండు బెంచీలు కలిపి, దాన్ని మడిచి పెట్టిన. తల పక్కన విడిగా పెట్టిన. ఆ గదికి ఒకటే తలుపు, కిటికీలకు ఇనుప చువ్వలు. సైదులు, యాదగిరి సూర్యాపేట నుంచి బండి మీద బయలుదేరిండ్రు. వచ్చి వేసుకొని, నేను పిలవంగనే బయటికి రావాలె. అదీ మా ఏర్పాటు.

అడవి చప్పుళ్లు వినిపిద్దామని నా ఫోన్‌ను స్పీకర్‌కు కలిపిన. మధ్యలో కాల్ వస్తే చెడిపోతదని ఫ్లైట్ మోడ్‌లో పెట్టిన. పిల్లల వైపు మొహం, గది వైపు వీపు పెట్టి మాట్లాడుడు మొదలుపెట్టిన. కొంతసేపటికి వెనక గదిలో బెంచీ జరిగిన చప్పుడైంది. హమ్మయ్య, వచ్చిండ్రు అనుకున్న.

"ఇప్పుడు మన అతిథిని పిలుద్దామా?" అన్న.

అది వచ్చింది.

తల కిందికి దించుకొని, వరండా మెట్లు ఒక్కొక్కటి దిగింది. నాలుగు కాళ్లు వేటికవే, ఏ మాత్రం తడబాటు లేకుండా పడుతున్నయి. మెట్లు దిగినంక ఆగి, గాలి వాసన చూసింది. చెవులు టపటపా ఆడించింది. కోదాడలో నవ్విన నవ్వు ఇక్కడ లేదు. షామియానా కింద ఒక్క పిల్ల కూడా కదల్లేదు.

నా ఆనందం చెప్పలేను. కోదాడలో పోయిన పరువు కోసం వీళ్లు నాకు తెలియకుండా ప్రాక్టీస్ చేసినట్టున్నరు అనుకున్న. అది పిల్లల వరుసల మధ్యలోంచి నడుస్తుంటే నేను మైకు పట్టుకొని వెనకాలే నడిచిన. నా నోట్లోంచి మాటలు వాటంతట అవే వచ్చినయి. తల్లి ఒక ఈతకు ఒకటే పిల్లను కంటదని, చర్మం ఎండకుండా ఒంటి మీద ఒక జిగురు ఊరుతదని, అందుకే నూనె రాసినట్టు మెరుస్తదని చెప్పిన. నా సర్వీసులో ఏ రోజూ అంత బాగా పాఠం చెప్పలేదు.

గ్రౌండ్ పక్కన నల్లా దగ్గర నీళ్లు పోయి బురదగా ఉండె. అది నేరుగా పోయి ఆ బురదలో పడుకుంది. ఏడో తరగతి పిల్ల, పేరు మానస, ముందుకొచ్చి దాని వీపు మీద చెయ్యి పెట్టింది. అప్పుడు అది నోరు తెరిచింది. ఇంత పెద్ద నోరు! లోపల గులాబీ రంగు, కింది దవడకు రెండు కోరపళ్లు. పిల్లలు సంతోషంతో ఒక్క కేక పెట్టిండ్రు. వరండాలో ఉన్న రూతమ్మ మేడం కూడా చిన్నపిల్ల లెక్క చప్పట్లు కొట్టింది.

నేనూ కొట్టిన. కొడుతుంటేనే గుర్తొచ్చింది, ఆ నోరు కుట్టేసి ఉందని.

అది లేచింది. వచ్చిన దారినే మెట్లెక్కి గదిలోకి పోయింది. రూతమ్మ మేడం పక్కనుంచే పోయింది. నేను మైకు అక్కడే పెట్టి ఉరికిన, సైదులును మెచ్చుకుందామని.

గదిలో ఎవరూ లేరు. వేషం రెండు బెంచీల మీద నేను మడిచినట్టే ఉంది. తల పక్కనే ఉంది. చేత్తో తడిమి చూసిన. పొడిగా ఉంది, బురద చుక్క లేదు. దవడ కుట్లు ఒక్కటి కూడా తెగలేదు. బెంచీల కింద చూసిన, కిటికీ చువ్వలు పట్టి లాగి చూసిన. నా వెనకే వచ్చిన రూతమ్మ మేడం గదంతా చూసి, మెల్లగా తన మెళ్లో శిలువను పట్టుకుంది. "లోపలికి పోయింది నేను చూసిన కదా మేడం," అన్నది.

ఫోన్ ఫ్లైట్ మోడ్ తీసి సైదులుకు చేసిన.

"మేడం, మస్తు సార్లు చేసినం, మీకు కలుస్తలేదు," అన్నడు. "పెన్‌పహాడ్ దాటినంక బండి పంక్చరైంది. ఇంకా గీడనే ఉన్నం. జర తిట్టకున్రి. షో ఆపిండ్రా?"

"లేదు, అయిపోయింది," అన్న.

ఇద్దరు టీచర్లు ఫోన్లో వీడియో తీసిండ్రు. అందులో అది స్పష్టంగానే ఉంది. తర్వాత సైదులుకు, యాదగిరికి చూపించిన. సైదులు ఫోన్ చేతిలోకి తీసుకొని మళ్లీ మళ్లీ చూసిండు. "ఇది మేం కాదు మేడం. యాదగిరిగాడు జన్మల గంత సక్కగ నడవడు," అన్నడు. యాదగిరి కోపం కూడా తెచ్చుకోలేదు. కళ్లు ఆర్పకుండా చూస్తనే ఉన్నడు.

పెద్ద పిల్లలెవరో వేసుకొని ఉంటరని మా స్టాఫ్ రూం సారు అంటడు. కావచ్చు. కానీ పిల్లలందరూ నా ముందరే కూర్చున్నరు. తడిసిన రెగ్జిన్ అంత తొందరగా ఎట్ల ఆరింది? కుట్టిన నోరు ఎట్ల తెరుచుకుంది? ఏదో ఒక కారణం ఉండే ఉంటదని నేను గట్టిగా నమ్ముత. ఇన్ని రోజులు వెతికినా అది నాకు దొరకలేదు. ఆ తర్వాత దామరచర్ల దాకా ఎన్నో బడులు తిరిగినం. ప్రతిచోటా లోపల సైదులు, యాదగిరే ఉంటరు. ప్రతిచోటా నేను ఒకసారి గదిలోకి తొంగిచూస్త.

ఆ రోజు బయలుదేరేటప్పుడు మానస నా కారు దగ్గరకు పరుగెత్తుకుంటూ వచ్చింది. అరచెయ్యి చాపి చూపించింది. ఇంకా జిగటగా, తడిగా మెరుస్తున్నది. ముట్టుకుంటే ఎట్లుందమ్మా అని అడిగిన.

"ఊపిరి తీసుకుంటున్నది మేడం," అన్నది. ఆ పిల్ల కళ్లల్లో భయం లేదు, ఒకటే వెలుగు. చాపిన చెయ్యి దించకుండనే అడిగింది.

"మేడం, గాడ అడవిల కొన్నే ఉన్నయన్నరు గదా. గీడికి ఒకటి వచ్చింది గదా. మరి గాడ ఒకటి తక్కువైందా?"