రెండో తూము

హాలియాలో మెహరాజ్‌ని అందరూ లష్కరు బిడ్డ అనే పిలిచేవారు. తండ్రి లియాఖత్ అలీ సాగర్ కాల్వ మీద తూములు ఎత్తి దించే లష్కరు. ఒక మడికి ఒకటే తూము, రెండోది పెడితే దొంగతనం అన్నది ఆయన చట్టం. రెండో తూము కోసం కోడిపుంజుతో బతిమాలవచ్చిన రైతును, పుంజుతో సహా గట్టు దాటించేదాకా ఊరుకునేవాడు కాదు. ఆ ఇంట్లో పిల్లలు బిర్యానీలో రెండో ముక్క అడగడానికి కూడా జంకేవారు.

అలాంటి ఇంటిపిల్ల 1999లో బస్టాండు దగ్గర రెండు గదుల కంప్యూటర్ దుకాణం పెట్టింది. ముందు గదిలోని కంప్యూటర్లో ఫొటోలు దిద్దడం, వెనక గదిలోని దాని నుంచి రంగుల్లో అచ్చు తీయడం. తల్లి లాడ్లీ బేగంకు ఇది సుతరామూ నచ్చలేదు.

"రంజాన్ నెల పొడిసేదాక చూస్త. నడువకుంటే తాళమేసి ఇంట్ల కూసో" అంది. అని ఊరుకుందా, తాళం కూడా కొనిపెట్టింది.

గడువు దగ్గరపడుతుండగా రైస్ మిల్లు రామచంద్రం కొత్త సంవత్సరం క్యాలెండర్ పని తెచ్చాడు. నెలకో పెద్ద రంగుల బొమ్మ. తాను ఎదురుగా కూర్చుని మార్పులు చెబుతాడట, ఆలస్యమైతే మిర్యాలగూడ పోతాడట. ఈ పని చేజారితే దుకాణానికి తాళమే.

చిక్కల్లా రెండు గదుల కంప్యూటర్లను కలిపే తీగతోనే. ఒక్క బొమ్మ ముందు గది నుంచి వెనక గదికి చేరేలోగా చాయ్ చల్లారి మీగడ కట్టేది. ప్రతి కంప్యూటర్లో తీగ గుచ్చే నెట్‌వర్క్ కార్డు ఇంకోటి పెట్టి, రెండింటినీ కలిపి ఒకే పెద్ద కార్డులా పనిచేయించవచ్చని మెహరాజ్ ఏదో పత్రికలో చదివింది. హైదరాబాద్ పోయి కార్డులు తెచ్చింది, బిగించింది, కలిపింది. కొత్త తీగలను కూడా గోడమీది హబ్‌లో, అంటే రెండు గదుల తీగలూ కలిసే డబ్బాలో, గుచ్చింది. బొమ్మ పంపింది.

చాయ్ మళ్లీ చల్లారింది.

"రెండెడ్లు కట్టినా బండి కదుల్తలేదేందమ్మా?" అని నవ్వాడు పక్క కొట్టు గుర్వయ్య. మెహరాజ్‌కు ఏడుపొక్కటే తక్కువ. రేపు పొద్దున్నే రామచంద్రం వస్తాడు.

అంతలో అన్నం గిన్నె పట్టుకుని తండ్రి వచ్చాడు. అలమర మీద దుమ్ము కొట్టుకున్న అలాంటిదే ఇంకో డబ్బా ఆయన కంట పడింది.

"గా డబ్బా ఊకెనే పడున్నదేంది బేటీ?"

"పాత సామాన్ల జోడుగ వచ్చింది అబ్బాజాన్. ఉన్నది ఒక్కటి సాలదా? మళ్ల రెండోది ఎందుకని..."

మాట సగంలోనే ఆగిపోయింది. కాల్వలు రెండు తవ్వి, నీళ్లన్నీ ఒక్క తూములోంచే పంపుతోంది తను! రెండో డబ్బా పెట్టాలన్న ఆలోచనే రాలేదు. ఎలా వస్తుంది, ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు?

"నా కొంప ముంచింది నువ్వే అబ్బాజాన్!" అని పగలబడి నవ్వింది. ఆయన బిత్తరపోయాడు. కొత్త తీగలకు వేరే తూము కావాలని విడమరిచి చెప్పింది.

లియాఖత్ అలీ తానే డబ్బా దించి, తువ్వాలతో తుడిచి చేతికిచ్చాడు.

"కాల్వ నీళ్లు పదిమందియి. గియి నీయి. పెట్టుకో."

పాత తీగలు ఒక డబ్బాలో, కొత్తవి ఇంకో డబ్బాలో గుచ్చింది. ఈసారి బొమ్మ చేరేసరికి చాయ్ ఇంకా పొగలు కక్కుతోంది. మర్నాడు రామచంద్రం జనవరి బొమ్మను మార్చిందే మార్చాడు, అయినా చీకటి పడకముందే పన్నెండు నెలలూ అచ్చయ్యాయి. లాడ్లీ బేగం ఆ తాళాన్ని కోళ్ల గూటికి వేసుకుంది.

సంగతి కాల్వ గట్టు దాకా పాకింది.

"సాబ్, రెండో తూము పెట్టిచ్చినవంట గదా!" అని నిలదీశాడు వెనకటి కోడిపుంజు రైతు.

"అవ్, పెట్టిచ్చిన. నా బిడ్డకు" అన్నాడు లష్కరు, మీసం దువ్వుకుంటూ.