మైకులో లచ్చక్క దగ్గు

మా కోరుట్లలో ఎవరినడిగినా ఒకటే చెబుతారు. బీడీ దుమ్ముకు లచ్చక్క గొంతు పోయింది, అందుకే పాట మానేసింది అని. అబద్ధం. ఆమె గొంతుకేమీ కాలేదు. ప్రతిదానికీ ఎదురు వాదించే నేను, పన్నెండేళ్లుగా ఆ ఒక్క మాటకు తల ఊపుతున్నాను. ఇక మోయలేను. మీకు చెబుతున్నాను.

లచ్చక్క బీడీలు చుడుతూ బతుకమ్మ పాటలు కట్టేది. అన్నీ సొంతవే. వాటిని సీడీ చేయించింది. ఎక్కువ కాపీలు తీయించే ముందు మొదటిది జగిత్యాలలో ఉండే నాకు తెచ్చిచ్చింది, చదువుకున్నదాన్ని కదా, తప్పులు చూడమని. మూడో పాట మధ్యలో ఆమె దగ్గింది. ఆ దగ్గు తీసేయించి మిగతా సీడీలు చేయించింది. దగ్గు ఉన్నది నా ఇంట్లోనే మిగిలింది.

దాన్ని నా కంప్యూటర్‌లో ఎక్కించుకున్నాను, నేను వినడానికి. అది తప్పంటే ఇప్పటికీ ఒప్పుకోను. తర్వాత సిరిసిల్లలోని మా అక్కకు ఒక కాపీ చేసిచ్చాను. అక్క పరాయిదా? సొంతానికి అంటే ఎంతవరకు? నా చెవి వరకా, నా గడప వరకా, నా రక్తం వరకా? బతుకమ్మ పాట ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునేదే, దానికి హక్కులేమిటి అనుకున్నాను. ఎత్తుకున్నది ఎవరో మరిచాను.

అక్క దాన్ని మైకుసెట్టు అతనికి ఇచ్చింది. పండుగ ముందు లచ్చక్క సీడీల సంచితో సిరిసిల్ల వెళ్తే, వాడకట్టంతా ఆమె పాటే మోగుతోంది. మరునాడు వచ్చి మా గడపలో కూర్చుంది.

"సంచి ఇప్పనే లేదు చెల్లె. గీ పాటలు మా ఫోన్ల ఉన్నయి, నీకు గూడ ఎక్కియ్యాల్నా అన్నది ఒకామె. నా పాట నాకే ఇస్తదట!" నవ్వింది. "మైకుల నా దగ్గు గూడ అచ్చింది."

నేను చాయ పెట్టే వంకతో లేచాను.

"కాయితం రాసియ్యి చెల్లె. మైకాయన మీద ఠాణాల ఇస్త."

"ఏమని రాయాలె లచ్చక్కా? బతుకమ్మ పాట ఎవలదని రాయాలె? గాలి మీద కేసు పెడ్తవా? నలుగురు నవ్వుతరు."

కట్టినామెదే పాట అని నాకు తెలుసు. కాగితం రాస్తే మైకతను అక్క పేరు చెబుతాడు, అక్క నా పేరు చెబుతుంది. నా భయమంతా అదే. అయినా చట్టం తెలిసినదానిలా వాదించి గెలిచాను. ఆమె చాయ తాగకుండానే సంచి ఎత్తుకుంది.

ఆ ఏడాది నుంచి ఆమె పాట ఎత్తుకోలేదు. బతుకమ్మ ఆడే వలయంలో నిలబడి చప్పట్లు మాత్రం కొడుతుంది.

రాసినంత మాత్రాన తప్పు పోదు. కొంచెం ఊపిరి ఆడుతోంది, అంతే. కానీ ఒకటి తెలియాలి. దగ్గు మాట చెప్పినప్పుడు ఆమె నన్ను చూడలేదు, సంచి ముడినే చూసింది. ఆ దగ్గు ఎవరింట్లో ఉందో తెలిసే, కాగితం నన్నే రాయమన్నదా?