చాయ్ నీళ్లల్ల ముంచిన కాయితం

నేను దొంగ కాయితం చేసిన. ముందుగాలనే చెప్తున్న, వెనక నుంచి ఎవ్వరూ వచ్చి చెప్పే పని లేకుండ. చిట్గుప్ప బజార్ల మా మరిది నిలబడి "మా వదిన కాయితాలు వండుతది" అని చెప్పుకుంట తిరిగిండు గదా, నిజమే, వండిన. గిన్నెల నీళ్లు పోసి, చాయ్ పొడి ఏసి వండిన. ఆ వంట నాకు నేర్పిందెవరో మాత్రం వాడు చెప్పడు. అది నేను చెప్త.

మా ఆయన బీదర్ల లారీల మీద మూటలెత్తుతుండె. ఊర్ల పొలం మరిది చూస్తుండె. పంటకు ఇన్ని కందులు, ఇన్ని జొన్నలు పంపుతుండె. మా ఆయన సచ్చిపోయిన ఏడాదే కందులు బందైనయ్, మరుసటేడు జొన్నలు బందైనయ్. నాకు పిల్లలు లేరు. కడుపు నాదొక్కదే అయినా అది ఆగదు గదా. బీదర్ బయట ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఉంటే, ఆడ ఊడ్చే పని, సార్లకు చాయ్ పెట్టే పని పట్టిన.

ఆ కాలేజీల చరిత్ర చెప్పే మేడం ఒకామె, హైదరాబాద్ దిక్కు నుంచి వచ్చింది. నాతోటి తెలుగుల మాట్లాడేది ఆమె ఒక్కతే. అక్కా, అక్కా అంటుండె. ఆ అక్క అనుడు ఎంత దూరం వస్తదో తర్వాత చూసిన.

ఆమె చెప్పేది అమెరికా ముచ్చట. ఆ దేశం కొత్తగ పుట్టినప్పుడు రాజు మాకొద్దని ఎట్ల రాసుకున్నరు, మరి రాజు లేకుండ రాజ్యం ఎట్ల నడపాలె అని తలుపులు పెట్టుకొని ఎట్ల కొట్లాడుకున్నరు, అదంత. పుస్తకం పట్టుకొని చెప్పదు. "పుస్తకం తర్వాతోళ్లు రాసిన్రు, ఆ కాలపోళ్లు వాళ్ల చేతులతోటి రాసిన కాయితాలే చదవాలె" అంటది. ఆ కాయితాలు ఫోనుల నుంచి తీసి జిరాక్స్ చేపిస్తది. అయితే తెల్లటి జిరాక్స్ ఇస్తే పిల్లలు దాంతోటి విసురుకుంటుండిరి, ఫ్యాను లేదని. అందుకని నన్ను పిలిచింది.

"అక్కా, పొద్దున మిగిలిన చాయ్ పొడి పారెయ్యకు. మల్లొకసారి మసలబెట్టు."

మసలబెట్టి పెద్ద పళ్లెంల పోసిన. ఆమె ఒక్కొక్క కాయితం ముంచి తీసింది. మిద్దె మీద ఎండల పరిచి నాలుగు మూలలకు నాలుగు రాళ్లు పెట్టినం. ఎండినంక ఊదుబత్తి ముట్టించి అంచులు జర జర కాల్చింది. అబ్బ, ఏం చెప్పాలె, నిన్న దుకాణంల కొట్టిన జిరాక్స్, తాత పెట్టెల నుంచి తీసినట్టు అయింది. పిల్లలు రెండు చేతులతోటి పట్టుకున్నరు. గట్టిగ మాట్లాడేటోడు గూడ గొంతు తగ్గించిండు. రెండో నెల నుంచి ముంచుడు, ఆరబెట్టుడు, కాల్చుడు అంత నేనే. జీతం పెంచిందా అంటే, లేదు.

తలుపు కాడ నిలబడి ఇంటుండె నేను. ఆమె సగం కన్నడంల, సగం హిందీల చెప్తది గాబట్టి నాకు అందుతుండె. కాయితం చేతికిస్తనే మూడు మాటలు అడుగుతది. ఎవలు రాసిన్రు? ఎవల కోసం రాసిన్రు? రాస్తే ఎవలకు లాభం? ఒకసారి ఏదో సచ్చిపోయిన ఆసామి ఇంట్ల సామాను రాసిన కాయితం. మంచం, ఆవు, రెండు ఇనుప కుండలు, ఒక ఆడమనిషి. మంచం తీరుగనే ఆడమనిషి. నేను ఆగలేక అడిగిన.

"ఆమె పేరేంది మేడం?"

"రాయలేదక్కా. బానిస గదా."

"ఆవుది ఏం రంగో అదన్న రాసిన్రా?"

పిల్లలు నవ్విన్రు. మేడం నవ్వలేదు, నన్ను చూసి, "మంచి ప్రశ్న" అన్నది. నేను గూడ మురిసిన, పిచ్చిదాన్ని.

ఇగ మా మరిది ముచ్చట. మా మామ బతికున్నప్పుడే ఇద్దరు కొడుకులకు పొలం పంచిండు. నలుగురు పెద్దమనుషుల నడుమ స్టాంపు కాయితం రాసిన్రు. పడమటి దిక్కు రెండెకరాలు, ఊర్ల ఇల్లు చిన్నోనికి. తూర్పు దిక్కు రెండెకరాలు మా ఆయనకు. మామ దస్కత్ పెట్టిండు, అత్త వేలిముద్ర ఏసింది. అసలు కాయితం ఊర్ల ఇంట్లనే ఉండె, మా ఆయన ఒక జిరాక్స్ తెచ్చి పెట్టెల పెట్టిండు. సర్కారు పొలం లెక్క రాసే పహాణీల మాత్రం మామ పేరే నడుస్తుండె, ఎవ్వరూ మార్పియ్యలె. ఇప్పుడు మామ లేడు, అత్త లేదు, మా ఆయన లేడు. మరిది పోయి నాలుగెకరాలు తన పేరు మీద ఎక్కియ్యమని తహసీల్ ఆఫీసుల అర్జీ పెట్టిండు. "మా అన్న తన పాలు ఎన్నడో తీసుకొని బీదర్ పోయిండు, పంపకం కాయితం అసలు రాసుకోనే లేదు" అని చెప్పిండు.

నాకు ఎర్కై, జిరాక్స్ పట్టుకొని ఉరికిన. గుమాస్త దాన్ని వేలితోటి గుడ నూకలేదు.

"అమ్మా, ఇసొంటి జిరాక్స్ నేను దినాం వంద చూస్త. అసల్ తే. పాత కాయితం తే."

అసల్ నా కాడ ఉంటే గద. మరిది ఇంటికి పోయి అడిగిన. "ఏ కాయితం వదినా? కలగన్నవా?" అన్నడు. మా తోటికోడలు చెంబుల నీళ్లు గుడ ఇయ్యలె.

ఇంటికొచ్చి రెండు దినాలు ఆలోచించిన. ఆ రెండు దినాలు కాలేజీల మేడం కాయితాలు ముంచుడే పని. మూడో దినం పళ్లెంల ఇంకిన్ని నీళ్లు మిగిలి ఉండె. నా కాయితం గుడ ముంచిన. తప్పని ఎర్కలేదా అని అడుగుతరు మీరు. జర జర ఎర్కనే. కానీ రాసింది అబద్ధం కాదు గదా! ఒక్క అక్షరం నేను మార్చలే. మార్చుతందుకు నాకు అక్షరాలొస్తే గద. పాతది కావాలన్నడు, పాతది చేసిన.

ఇదే అసల్ అని ఇస్తే, గుమాస్త దాన్ని ముక్కు కాడ పెట్టుకొని వాసన చూసిండు. పక్కోన్ని పిలిచిండు, వాడు గుడ చూసిండు.

"ఏలకులు గుడ ఏసినవా అమ్మా?"

ఆఫీసంత నవ్వింది. కాయితం గుంజుకొని ఫైలుల పెట్టిండు. వచ్చే పేషీకి తహసీల్దార్ సాబు ముందట జవాబు చెప్పాలె, లేకపోతే పోలీసులకు రాస్తరు అన్నడు.

సీద మేడం కాడికి పోయిన. పాఠం నడుస్తుండె. లోపలికే పోయి, ఆఫీసుల అయిందంత చెప్పిన.

"మేడం, ఒక్క ముక్క రాసియ్యి. కాలేజీల కాయితాలు గిట్లనే ముంచుతం, ఈమెకు అది అలవాటు, మోసం కాదు అని."

ఆమె మొకం తెల్లగైంది. "అక్కా, నేను చేసేది పాఠానికి. ప్రతి కాయితం వెనక పెన్సిల్‌తోటి నకలు అని రాస్త. నువ్వు ఆఫీసుల అసల్ అని ఇచ్చినవ్. రెండూ ఒకటెట్లైతయ్?"

"వెనక ఏం రాసినవో నాకు చదువొస్తదా? ఎన్నడన్న చెప్పినవా?"

"నా నౌకరి పోతదక్కా."

"ఎవలు రాసిన్రు, ఎవలకు లాభం అని దినాం అడుగుతవ్ గదా ఈ పిల్లలను! నీకు లాభం లేని కాడ ఒక్క ముక్క రాయవా? నువ్వు ముంచితే చదువు, నేను ముంచితే దొంగతనమా?"

ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. మేడం "బయటికి నడువ్" అన్నది. ఈసారి అక్కా అనలే. ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ పిలిచి రేపటి నుంచి రావద్దన్నడు. ఆమెనే చెప్పి ఉంటది. కాదంటే నా ముందటికొచ్చి చెప్పమను.

పేషీ దినం ఒక్కదాన్నే పోయిన. మరిది ఇస్త్రీ అంగీ ఏసుకొని, వకీలును ఎంటబెట్టుకొని వచ్చిండు. తహసీల్దార్ సాబు నా కాయితం ఎత్తి చూపించి, "ఏనమ్మా ఇదు?" అని కన్నడంల అడిగిండు, ఏందమ్మా ఇది అని.

"ముంచిన సాబ్. చాయ్ నీళ్లల్ల ముంచిన. కానీ అండ్ల రాసింది నిజం."

మరిది నవ్విండు. "మొత్తం దొంగది సాబ్. చూస్తనే తెలుస్తలేదా?"

నాకు మండింది. తెలివితోటి అడిగిన అంటరు ఇప్పుడు అందరు. కాదు. కోపంతోటి అడిగిన. మేడం పిల్లలకు రెండు కాయితాలిచ్చి తేడా చెప్పుమంటది గదా, అదే నోటికొచ్చింది.

"దొంగదెట్లైతదిరా? ఏం తేడా ఉన్నదో చెప్పు!"

"ఏం తేడానా? మా నాయిన దస్కత్ నీలి సిరాది. దీంట్ల నల్లగున్నది. మా అమ్మ వేలిముద్ర ఊదా రంగుల ఉన్నది, అదీ దీంట్ల నల్లగనే! కింద మూల ఎలుక కొరికింది, ఇది సక్కగున్నది!"

వకీలు వాని అంగీ పట్టి గుంజిండు. అప్పటికే అయిపోయింది.

తహసీల్దార్ సాబు కలం కింద పెట్టిండు. "కాయితమే రాయలేదంటివి. నీలి సిరా నీకెట్ల ఎర్క?"

మరిది వకీలు దిక్కు చూసిండు. "అంటే... ఎన్నడో చూసిన..."

"ఎక్కడ చూసినవో ఆడికి పోయి తే. వారం దినాలు."

తెచ్చిండు. తేకుండ ఏం చేస్తడు, తేకపోతే వాని మీదనే కేసు రాస్తమన్నరు. మూలకు ఎలుక కొరికినట్టే ఉన్నది. తూర్పు దిక్కు రెండెకరాలు మా ఆయనయే. నన్ను గుడ ఇడువలేదు. సాబు అందరి ముందట తిట్టిండు, ఇంకొక్కసారి ఇసొంటిది చేస్తే లోపలేస్త అన్నడు. తల వంచలె నేను. రెండు నెలలకు పహాణీల నా పేరెక్కింది.

మేడం ఫోను చేసింది, ఎవలు చెప్పిన్రో ఏమో. "అక్కా, మంచిగైందంట గదా. ఆ రెండు కాయితాలు ఫోటో తీసి పంపుతవా? పిల్లలకు పాఠం చెప్త." నేను ఫోను పెట్టేసిన. మల్ల చేసింది. మల్ల పెట్టేసిన.

పేరెక్కితే ఏమైతది? ఆ నలుగురు పెద్దమనుషులు స్టాంపు కాయితం మీద దిక్కులు రాసిన్రు, ఎకరాలు రాసిన్రు గని, దారి రాయలె. తూర్పు దిక్కుకు పోవాలంటే పడమటి దిక్కు మరిది చేన్ల నుంచే పోవాలె. దాని సంగతి సర్వేయరును అడిగితే, కాయితంల లేదమ్మా, కోర్టుకు పో అన్నడు. మరిది గట్టు మీద తుమ్మకంప కొట్టి ఏసిండు. నేను బస్సు దిగి నడిచి పోయి, కంప గుంజి పక్కకేసి, పొలంల దిగుత. మా తోటికోడలు ఇంటి ముందట నిలబడి నా ఏడు తరాలను తిడుతది, నేను దాని ఎనిమిది తరాలను తిడుత. పొద్దుగూకినంక నేను పోంగనే వాడు కంప మల్ల తెచ్చి ఏస్తడు. కంది ఏసిన. మోకాటి ఎత్తు వచ్చింది. ఇయ్యాల పొద్దుగాల గుంజిన కంప ముల్లు ఇంక అరచేతుల్నే ఉన్నది, సూదితోటి తీస్తుంటే లోపలికే పోతాంది.